చల్లగా ఉందా

థియేటర్లో నా పని భుజాలు పట్టుకోవడం.
వెన్నులో సూది దిగేటప్పుడు మనిషి కదలకుండా
ఎదురుగా నిలబడి ఆ తలని నా గుండెకి ఆనించుకోవడం.
పదిహేడేళ్లు. ఎంతమంది కొబ్బరినూనె
ఈ పచ్చ గౌనుకి అంటిందో లెక్క లేదు.

ఈ రాత్రి వీరవేణి. ఊరు జొన్నల్లంక.
రొయ్యల షెడ్డులో తలలు తీసే పని.
రెండో కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది.
పడవలో కొన్ని నొప్పులు, ఆటోలో కొన్ని,
మిగతావి మా వరండాలో, గోడని గోళ్లతో గీరుతూ.

కోసే డాక్టరమ్మ ఉంది. కత్తులు ఉడికి ఆరాయి.
అమలాపురం నించి రక్తం సీసా వచ్చి
ఐసు పెట్టెలో బుద్ధిగా కూర్చుంది.
లేనిది మత్తు.

జిలానీ గారొక్కరే మూడు ఆసుపత్రులకి.
సోమవారం, గురువారం మాకు.
ఇవాళ శనివారం.
కడుపులో బిడ్డకి వారాలు తెలీవు కదండీ.

ఫోను చేస్తే కోటిపల్లి రేవులో ఉన్నానన్నారు.
ఎర్రనీళ్లు దిగుతున్నాయి, పంటు కట్టేశారు,
యానాం వంతెన మీంచి చుట్టు తిరిగొస్తానన్నారు.
కాకినాడ పంపేద్దామా అంది డాక్టరమ్మ.
అదీ ఆ వంతెనే.
ఈవిడ వెళ్తుంటే ఆయన ఎదురొస్తారు.
ఆగాం.

కిటికీ అవతల చెరువుల్లో చక్రాలు తిరుగుతున్నాయి.
కరెంటు పోయింది.
గట్టు మీది జనరేటరు దగ్గి లేచింది, మాదింకా లేవలేదు.
రొయ్యకి ఊపిరాడకపోతే ఊరంతా పరిగెడుతుంది, ఆయ్.

"ఓర్చుకో తల్లీ, ఆడపుట్టుక" అంది వాళ్ల అత్త.
మంచి మనిషే. కోపం రాకూడదు.
వచ్చింది.

నాకా మాట చెప్పింది ఎలిమెంటరీ స్కూల్లో.
పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ల క్యాంపు.
నలభై మందిమి, బెంచీలు కలిపి కట్టిన బల్లలు.
పొట్ట మీద సూది పొడిచారు.
అది పట్టేలోగా నా వంతు వచ్చేసింది.
బోర్డు మీద ఎవరో సగం చెరిపిన ఏడో ఎక్కం.
ఏడేళ్ల నలభైతొమ్మిది దగ్గర నేను అరిచాను.
"అంత లేదులే" అన్నారెవరో మాస్కులోంచి.
ఒకావిడ నా భుజాలు నొక్కి పట్టుకుంది.
ఆవిడ మొహం గుర్తులేదు. చేతులు మెత్తన.

గంటా పది నిమిషాలకి వచ్చారాయన.
తలనించి నీళ్లు, ఒక కాలికి చెప్పు లేదు.
మోచేతుల దాకా కడుక్కుని, మొదటిమాట:
"రొయ్యలా వంగాలమ్మా."
ఆ అమ్మాయికి అంతకన్నా చెప్పక్కర్లేదు.
వంగింది. తల నా గుండె మీద. ఉప్పువాసన.
సూది దిగింది.

పడుకోబెట్టి, తడిదూది పొట్ట మీద ఆనించి
"చల్లగా ఉందా?"
"ఉందండి."
ఆగారు. గడియారం చూడలేదు, ఆవిడ మొహం చూశారు.
"ఇప్పుడు?"
"కొంచెం."
డాక్టరమ్మ చెయ్యి గాల్లోనే ఉంది. ఆయన ఇంకా ఆగారు.
"ఇప్పుడు?"
"ముట్టుకున్నట్టుందండి. చల్లన లేదు."
ఇంకాసేపటికి ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి
"నా కాళ్లు ఎటెళ్లిపోయాయండీ?" అని నవ్వింది.
బల్ల మీద నవ్వు విని ఎన్నాళ్లయిందో నాకు.

ఆడపిల్ల. ఏడవడానికి కాస్త తీసుకుంది, ఏడ్చింది.

జిలానీ గారు టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు,
నా రబ్బరు చెప్పులేసుకుని.
మంగళవారం నాడు ఎవరైనా వస్తే
బల్ల ఉంటుంది, కత్తి ఉంటుంది,
భుజాలు పట్టుకోవడానికి నేనుంటాను.
నా చేతులూ మెత్తనివే అంటారు.

తెల్లారుతోంది. నేల కడిగాను.
గిన్నెలో మిగిలిన దూది పారబొయ్యబోయి, ఆగి,
తలుపు దగ్గరకేసి, చీర కొంచెం తప్పించి
పాత కోత మీద పెట్టుకున్నాను.

చల్లగానే ఉంది.